టెక్సాస్ దాకా వచ్చిన సోషల్ మార్కులు

మార్కులు వేసేది మాస్టార్లే అయినా, అవి ఇంటికి చేరేలోపు కాస్త సరిదిద్దుకునే వెసులుబాటు పిల్లలకి ఉంటుందని నేను గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉండేవి. అప్పుడు నేనూ అమ్మా ఏలూరులో ఉండేవాళ్లం. నాన్న టెక్సాస్‌లో, ప్లేనో అనే ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు. నా పదో తరగతి అయిపోగానే మమ్మల్నీ తీసుకెళ్లాలని ఆయన ఆలోచన. ఈలోగా ప్రతి ఆదివారం పొద్దున్న (ఆయనకి ఇంకా శనివారమే) ఫోన్ చేసేవారు. ఆ ఫోన్‌లో వంటల సంగతి రెండు నిమిషాలు, బంధువుల సంగతి నాలుగు నిమిషాలు, మిగతా సమయమంతా నా చదువు సంగతి. పరీక్షలైన వారం అయితే అమ్మ ప్రోగ్రెస్ కార్డు చేత్తో పట్టుకుని సబ్జెక్టుల వారీగా చదివి వినిపించాలి. నాన్న అవతల ఒక పుస్తకంలో రాసుకునేవారు. అంత దూరాన ఉన్న మనిషికి పిల్ల పెంపకంలో మిగిలింది ఆ రాసుకోవడమొక్కటే కదా అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం పోలీసువారి రికార్డులా అనిపించేది.

తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో నాకు సోషల్‌లో ముప్పై ఎనిమిది వచ్చాయి. సోషల్ మీద నాకు పగేమీ లేదు. యుద్ధాలు జరిగాయని నాకు తెలుసు, నదులు పారుతున్నాయనీ తెలుసు. ఏ యుద్ధం ఎవరి మధ్య, ఏ నది ఏ రాష్ట్రంలో అని నిలదీస్తేనే చిక్కు. కార్డు తీసుకుని ఇంటికి నడుస్తూ ఆ ముప్పై ఎనిమిదిని చాలాసేపు చూశాను. చూడగా చూడగా, మూడు అంకె ఎనిమిది కావడానికి ఎడమ పక్కన రెండు చిన్న వంపులు తప్ప ఇంకేమీ అక్కర్లేదని తోచింది. మా క్లాస్ టీచరు లెక్కల మాస్టారు. ఆయన నీలం బాల్‌పెన్నుతో రాస్తారు. నా దగ్గరా నీలం బాల్‌పెన్ను ఉంది. అంతకంటే పెద్ద కుట్ర ఏమీ లేదందులో. ముప్పై ఎనిమిది కాస్తా ఎనభై ఎనిమిది అయింది. కింద టోటల్ నాలుగొందల ఒకటి అని ఉంది, అది అలాగే ఉండిపోయింది. (లెక్కల్లో డెబ్బై ఏడు తెచ్చుకున్న పిల్లకి టోటల్ సంగతి తట్టకపోవడం ఏమిటని మీరు అడగవచ్చు. తప్పు చేసేటప్పుడు బుర్ర ఒక్క అంకె దగ్గరే పనిచేస్తుంది.)

ఆ ఆదివారం అమ్మ చదివింది. "తెలుగు ఎనభై ఒకటి, హిందీ అరవై నాలుగు, ఇంగ్లీషు డెబ్బై రెండు, లెక్కలు డెబ్బై ఏడు, సైన్స్ అరవై తొమ్మిది, సోషల్ ఎనభై ఎనిమిది." తర్వాత నాన్న గొంతు వినబడింది. "ఏదీ, ఆ చివరిది మళ్లీ చదువు." అమ్మ మళ్లీ చదివింది. "మన ఇళ్లల్లో సోషల్ ఎవరికీ రాదోయ్. నాకైతే నలభై దాటింది లేదు," అన్నారు నాన్న మురిసిపోతూ. నలభై దాటకపోయినా మనిషి అమెరికా వెళ్లొచ్చన్న ఆ కబురు ఒక్క రోజు ముందు తెలిసుంటే నేను ఆ పెన్ను ముట్టుకునేదాన్ని కాదు. అమ్మ సంతకం పెట్టింది. మాస్టారు సంతకం ఉందో లేదో చూసి కార్డుని కట్టలో పడేశారు. తర్వాత హాఫ్ ఇయర్లీలో సోషల్ యాభై ఏడు, యాన్యువల్‌లో అరవై ఆరు వచ్చాయి. అవి రెండూ నా స్వార్జితం. నిజం చెప్పాలంటే భయంతో కొంచెం చదివాను. నాన్న మాత్రం రెండుసార్లూ "మొదట్లో అంత బాగా చేసిన పిల్ల, ఏమయిందో" అని బాధపడ్డారు.

పదో తరగతి గట్టెక్కాక ప్లేనో వచ్చాం. ఎండలు ఏలూరు ఎండల్లాగే ఉన్నాయి. రోడ్డు మీద మనుషులే కనబడరు, అందరూ కార్లలో ఉంటారు. నన్ను పదకొండో తరగతిలో చేర్చడానికి నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో ఫైలు పెట్టుకుని స్కూలుకి తీసుకెళ్లారు. ఆ ఫైలులో నా ఒకటో తరగతి నుంచీ వచ్చిన ప్రతి కాగితం ప్లాస్టిక్ కవర్లలో ఉంది. అక్కడ పిల్లల చదువు సంగతులు, కాలేజీ సంగతులు చూసే కౌన్సిలర్ ఒకావిడ ఉండేది. ఎప్పుడూ మెడలో ముత్యాల దండ వేసుకునేది, అందుకని మా ఇంట్లో ఆవిడ పేరు ముత్యాల మేడమ్ అయిపోయింది. ఆవిడ నా మార్కులు చూసి, ఎంతో మర్యాదగా, టెక్సాస్‌లో డెబ్బై కంటే తక్కువొస్తే ఫెయిలన్నమాట అని చెప్పింది.

నాన్న ముఖం చూడాల్సింది. "మేడమ్, మా దగ్గర అరవై అంటే ఫస్ట్ క్లాస్," అన్నారు. "ఇది మీ మార్కుల్లాంటి మార్కు కాదు. మా దగ్గర తొంభై వేయాలంటే మాస్టారికి చెయ్యి రాదు." (ఈ మాటలన్నీ ఇంగ్లీషులోనే నడిచాయి. చెయ్యి రాకపోవడాన్ని నాన్న ఇంగ్లీషులోకి మార్చిన తీరు ఆవిడకి అర్థమై ఉంటుందని నేను అనుకోను, ఆవిడ అయ్యో అన్నట్టు చూసింది.) అలా నలభై నిమిషాలు చెప్పారు. ఆంధ్ర దేశంలో పేపర్లు ఎలా దిద్దుతారో, ఎందుకు కఠినంగా దిద్దుతారో, తన కాలంలో ఇంకెంత కఠినంగా దిద్దేవారో. చివరికి నా తొమ్మిదో తరగతి కార్డు బయటికి తీసి, సరిగ్గా ఆ అంకె మీద వేలు పెట్టారు. "ఇటు చూడండి. ఇంత కఠినమైన చోట కూడా నా కూతురు సోషల్‌లో ఎనభై ఎనిమిది తెచ్చుకుంది." ముత్యాల మేడమ్ కళ్లజోడు సర్దుకుని ఆ అంకెని దగ్గరగా చూసింది. నేను గోడ మీద ఉన్న ఫైర్ అలారాన్ని చూశాను. అది మోగితే బాగుండును అనుకున్నాను. "వండర్‌ఫుల్," అంది ఆవిడ, అని ఆ కార్డుని జిరాక్స్ తీయించమని పక్క గదిలో రికార్డులు చూసే ఆవిడకి పంపించింది. రెండు వారాలకి నా పాత చదువుని ఒప్పుకున్నామని ఉత్తరం వచ్చింది. "మనం సరిగ్గా ఎక్స్‌ప్లెయిన్ చేస్తే ఎవరైనా వింటారు," అన్నారు నాన్న.

అలా నా రెండు వంపుల పని అమెరికన్ ఫైల్లోకి ఎక్కింది. కొన్నాళ్లు దాన్ని మర్చిపోయే ప్రయత్నం చేశాను. మర్చిపోనివ్వకుండా మా అపార్ట్‌మెంట్లలోనే ఒక అంకుల్ ఉండేవారు. ఆయన కూతురు అంతకు ముందు సంవత్సరమే కాలేజీలో చేరింది కాబట్టి ఆ విషయాల్లో ఆయన మాటకి తిరుగుండేది కాదు. పిల్లలందరం ఆయన్ని జీపీఏ అంకుల్ అనేవాళ్లం. ఎవరింట్లో పుట్టినరోజైనా, వ్రతమైనా, ఆయన ప్లేటు పట్టుకుని ఒక మూల కూర్చుంటే చుట్టూ తల్లిదండ్రులు చేరేవారు. "అడ్వాన్స్‌డ్ క్లాసులు తీసుకుంటే 'ఏ' గ్రేడ్‌కి నాలుగు బదులు ఐదు పాయింట్లు. అదే మామూలు క్లాసు అనుకోండి, వందకి వంద తెచ్చుకున్నా నాలుగే. అంటే ఏంటండీ, డ్రాయింగ్ క్లాస్‌లో వంద తెచ్చుకుంటే మీవాడి జీపీఏ, అదే గ్రేడ్ల సగటు, కిందకి దిగుద్ది," అనేవారు. ఆ మాట విని ఒకాంటీ కొడుకుని డ్రాయింగ్ మానిపించింది. వాడికి ఆ స్కూల్లో వచ్చేది అదొక్కటే.

ఒక సత్యనారాయణ వ్రతం రోజున ప్రసాదం తింటూ ఆయన ఇంకో సంగతి చెప్పారు. "అప్లికేషన్‌లో చిన్న తేడా ఉందనుకోండి, సీటిచ్చాక కూడా వెనక్కి లాగేసుకుంటారు. రిసిండ్ చేయడం అంటారు దాన్ని. మా ఆఫీస్‌లో ఒకాయన ఫ్రెండు వాళ్ల అబ్బాయికి అలాగే అయింది. గ్రేడ్ ఒకటి తేడాగా చూపించాడంట." నేను రవ్వకేసరి ప్లేటు కింద పెట్టేశాను. నాన్న పక్కనే కూర్చుని, "అలాంటి పనులు చేసే పిల్లలు కూడా ఉంటారా అండీ," అని నిజంగా ఆశ్చర్యపోయారు.

ఆ రోజు నుంచి నేను అమెరికా చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఎప్పుడైనా ఎవరైనా ఆ ఎనభై ఎనిమిది గురించి అనుమానపడితే, ఈ పిల్లకి సోషల్ బాగానే వచ్చును అని తేలేలా ఉండాలి. అడ్వాన్స్‌డ్ చరిత్ర క్లాసులో చేరాను. మొదటి ఆరు వారాల్లో సీ వచ్చింది. తర్వాత బీ. వాళ్ల అంతర్యుద్ధంలో ఏ సైన్యం ఏ వంతెన దాటిందో కూడా బట్టీ పట్టి, సంవత్సరం చివరికి ఏ తెచ్చుకున్నాను. మా చరిత్ర టీచరు నన్ను చూసి, నీకు ఈ దేశమంటే ఎంత ఇష్టం అని చెమ్మగిల్లిన కళ్లతో అన్నాడు.

పన్నెండో తరగతి సెప్టెంబరులో, కాలేజీలకి పంపడానికి ముందు ఎవరి గ్రేడ్ల పట్టిక వాళ్లు చూసుకోమని స్కూల్లో కాగితాలు పంచారు. దాన్ని ట్రాన్‌స్క్రిప్ట్ అంటారు. నేను మడత విప్పి చూశాను. పదకొండో తరగతి గ్రేడ్లన్నీ సరిగ్గా ఉన్నాయి. పైన తొమ్మిది, పది తరగతుల దగ్గర మాత్రం మార్కుల్లేవు, ఏ బీ సీలు లేవు. ప్రతి సబ్జెక్టు ఎదురుగా ఒకే ఒక్క అక్షరం, పీ. పీ అంటే పెండింగ్. ఇంకేముంటుంది? అనుమానం వచ్చింది, విచారణ నడుస్తోంది, ఒక్క సోషల్ కోసం పాపం తెలుగునీ హిందీనీ కూడా ఆపేశారు. పక్కన కూర్చున్న అమ్మాయిని అడిగితే సరిపోయేది. కానీ నేరస్తులు పక్కవాళ్లని అడగరు. ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి లంచ్ బాక్సు సంచిలో దాచాను.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం నాన్న డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి నన్ను కూర్చోబెట్టారు. అమ్మ జీడిపప్పు వేయించి తెచ్చింది. పేరు, అడ్రసు, స్కూలు, వ్యాసం, అన్నీ నింపాం. ఆఖరి పేజీలో ఒక చిన్న డబ్బా ఉంది. ఇందులో చెప్పినవీ, దీనికి సంబంధించి సమర్పించినవీ అన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను, అని. "టిక్ పెట్టు, సబ్‌మిట్ కొట్టు," అన్నారు నాన్న. నేను మౌస్ పట్టుకున్నాను. బాణం ఆ డబ్బా చుట్టూ తిరుగుతోంది కానీ లోపలికి వెళ్లడం లేదు. "ఏమయింది అమ్మడూ?" అన్నారు. "తలనొప్పిగా ఉంది నాన్నా," అన్నాను. "పోనీ నేను పెట్టనా?" అని ఆయన చెయ్యి చాపారు. నేను లాప్‌టాప్ మూసేశాను, ఆయన వేలు పడకుండా. నాన్న వింతగా చూశారు గానీ, పిల్లకి ఒత్తిడి ఎక్కువైందనుకుని జీడిపప్పు గిన్నె నా వైపు జరిపారు.

సాయంత్రం అమ్మతో ఇండియన్ స్టోర్‌కి వెళ్లాను. సామాన్లు డిక్కీలో పెట్టాక, అమ్మ కార్ స్టార్ట్ చేయబోతుంటే చెప్పేశాను. అమ్మ తాళం తిప్పకుండా ఆగింది.

"ఎప్పుడు?"

"తొమ్మిదో క్లాసులో. క్వార్టర్లీ."

"నేనే కదే చదివాను ఫోన్‌లో. రెండుసార్లు చదివాను."

"ఊఁ."

"సంతకం కూడా నేనే పెట్టాను." అమ్మ అద్దంలోంచి ఎదురుగా ఉన్న సమోసాల బోర్డు వంక చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. "అందుకేనా ఈమధ్య సరిగ్గా తినట్లేదు? నేను డైటింగ్ అనుకుని తిడుతున్నాను," అంది. తర్వాత స్టార్ట్ చేసి, "నాన్నకి మాత్రం నువ్వే చెప్పాలి. ఇందులోకి నన్ను లాగకు," అంది.

మర్నాడు ఆదివారం పొద్దున్న నాన్న హాల్లో కార్పెట్ వాక్యూమ్ చేస్తున్నారు. వెనకాల నిలబడి, రాత్రంతా తయారుచేసుకున్న వాక్యం మొత్తం చెప్పేశాను. ఆ మోతలో ఆయనకి ఒక్క ముక్క వినబడలేదు. "ఆఁ? ఏంటీ?" అన్నారు. మళ్లీ చెప్పాను, గట్టిగా. సరిగ్గా అప్పుడే ఆయన వాక్యూమ్ ఆపేశారు. "సోషల్ మార్కులు నేనే దిద్దుకున్నాను" అన్న మాట ఆ నిశ్శబ్దంలో పక్క అపార్ట్‌మెంట్‌కి కూడా వినబడి ఉంటుంది.

నాన్న వాక్యూమ్ అక్కడే వదిలేశారు. లోపలికి వెళ్లి ఫైలు తెచ్చి, టేబుల్ ముందు కూర్చుని, ఆ ఆరు మార్కులూ ఒక కాగితం మీద కూడారు. తర్వాత ఫోన్‌లో కూడారు. తర్వాత మళ్లీ కాగితం మీద. "నాలుగొందల ఒకటి," అన్నారు చివరికి. "ఎనభై ఎనిమిదితో కూడితే నాలుగొందల యాభై ఒకటి రావాలి." నాన్న ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే ఆయన పని. "ఇన్నాళ్లుగా ఇది నా చేతుల్లో ఉంది. ఒక్కసారి కూడలేదు," అన్నారు. తిడతారని ఎదురుచూశాను. ఆయన లేచి వెళ్లి వాక్యూమ్ ఆన్ చేసి, సోఫా ముందున్న ఒకే జాగాని చాలాసేపు శుభ్రం చేశారు. నాకు ఏడుపొచ్చింది. ఆపాక, నా వైపు చూడకుండానే, "రేపు హాఫ్ డే పెడతాను. స్కూల్‌కి వెళ్లి చెబుదాం. చెప్పకుండా ఆ టిక్ పెట్టొద్దు," అన్నారు.

సోమవారం ఇద్దరం కార్లో స్కూలుకి బయల్దేరాం. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు నాన్న అన్నారు, "ఆ ఎనభై ఎనిమిదికి నేను ఆఫీస్‌లో డోనట్స్ పంచాను."

"ఎన్ని?" అన్నాను.

"రెండు డజన్లు."

ముత్యాల మేడమ్ గదిలో అదే కుర్చీలో కూర్చున్నాను. నేను చెప్పాల్సిందంతా ఇంగ్లీషులో బట్టీ పట్టుకొచ్చాను కానీ నోరు తెరిచేసరికి సగం తెలుగులో వచ్చింది. నాన్న పక్కనుంచి మాటలు అందించారు, నా నేరాన్ని నాకంటే మంచి ఇంగ్లీషులో. ఆవిడ మొత్తం విని, బీరువాలోంచి నా ఫోల్డర్ తీసి, ఆ జిరాక్స్ కాగితాన్ని మా ముందు పెట్టింది. టోటల్ పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్నార్థకం గుర్తు, దాని కింద సన్నగా ఒక ముక్క. 'కూడిక తప్పు.'

"మా రికార్డుల ఆవిడ మొదటి రోజే చూసింది. మీ టీచర్ కూడికలో పొరపాటు పడ్డారనుకున్నాం," అంది ఆవిడ.

నాకు ఆ క్షణాన నా సంగతి మర్చిపోయి లెక్కల మాస్టారు కళ్ల ముందు కనబడ్డారు. జీవితంలో ఒక్క కూడిక తప్పు చేయని మనిషి. వేళ్ల మీద కూడా లెక్కపెట్టనివ్వని మనిషి. ఆయనకి తెలియకుండా ఒకటింపావు సంవత్సరం పాటు టెక్సాస్‌లో ఒక బీరువాలో కూడికలు రానివాడుగా పడి ఉన్నారు. "ఆయన తప్పేం లేదు మేడమ్. టోటల్ కరెక్టే," అన్నాను, అని అప్పుడు నిజంగా ఏడ్చేశాను. నాన్న కూడా సీరియస్‌గా, "దయచేసి అక్కడ అది దిద్దండి," అన్నారు. ఆవిడ రబ్బరుతో ఆ ప్రశ్నార్థకం తుడిచి, 'మొత్తం సరైనదే' అని రాసి, తారీఖు వేసి సంతకం పెట్టింది.

"మరి పెండింగ్ సంగతి?" అని అడిగాను ముక్కు తుడుచుకుంటూ. ఆవిడకి అర్థం కాలేదు. సంచిలోంచి నాలుగు మడతల కాగితం తీసి పీలన్నీ చూపించాను. ఆవిడ పెదాలు బిగించుకుంది, నవ్వు ఆపుకోవడానికని తర్వాత తెలిసింది. "పీ అంటే పాస్. వేరే దేశంలో చదివిన సబ్జెక్టులన్నిటికీ ఇక్కడ పాస్ అనే వేస్తాం. మార్కులు లెక్కలోకి తీసుకోం. జీపీఏలో కలపం. నీ ఎనభై ఎనిమిది గానీ ముప్పై ఎనిమిది గానీ ఈ స్కూలు దాటి ఎక్కడికీ వెళ్లలేదు. మీ దగ్గర ముప్పై ఐదుకి పాస్ అట కదా, రెండిటికీ పీయే వస్తుంది."

నాన్న నెమ్మదిగా ముందుకి వంగారు. "అంటే అప్పుడు నేను చెప్పిందంతా..."

"చాలా విషయాలు తెలుసుకున్నాను," అంది ఆవిడ మర్యాదగా. తర్వాత సొరుగు తీసి ఒక పాత కాగితం చూపించింది. ఏ దేశంలో ఎన్ని మార్కులకి పాసో వరసగా ఉన్న పట్టిక. ఇండియా ఎదురుగా ముప్పై ఐదు అని ఎప్పటినుంచో అచ్చయి ఉంది. నాన్న ఆ పట్టికని చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు. నలభై నిమిషాల ఆంధ్ర దేశ విద్యా చరిత్ర ఒక గీతలో ఇమిడిపోయింది.

అప్పుడావిడ మాకు తీరిగ్గా చెప్పింది. చాలా కాలేజీలు స్కూలు వేసిన జీపీఏని అలాగే తీసుకోవట. పక్కన పెట్టి, ముఖ్యమైన సబ్జెక్టులు మాత్రం ఏరుకుని తమ పద్ధతిలో మళ్లీ కట్టుకుంటాయి. ఒక్కో కాలేజీది ఒక్కో పద్ధతి. ఈ స్కూల్లో ఏ క్లాసులు ఉన్నాయి, ఉన్నవాటిలో ఈ పిల్ల కష్టమైనవి తీసుకుందా, తేలికైనవి వెతుక్కుందా అని చూస్తారు. అన్నిటికంటే, మొదట్లో ఎలా ఉంది, పోనుపోను ఎలా అయింది అని చూస్తారు. "చరిత్రలో సీ నుంచి బీకి, బీ నుంచి ఏకి వచ్చావు చూడు, అలాంటివి వాళ్లు ఇష్టంగా చదువుతారు," అంది. అని, మళ్లీ ఆ జిరాక్స్ వైపు చూసి, ఆవిడ కళ్లజోడు తీసేసింది. "నిజం మార్కులు ముప్పై ఎనిమిది, యాభై ఏడు, అరవై ఆరు. చక్కగా పైకి వెళుతున్నాయి. నువ్వు దిద్దాక ఎనభై ఎనిమిది, యాభై ఏడు, అరవై ఆరు. నీ చేత్తో నువ్వే కిందకి తోసుకున్నావు."

ముగ్గురం ఆ కాగితం వంక చూశాం. ముందు నవ్వింది నాన్నే. చప్పుడు లేకుండా మొదలై, భుజాలు కదిలి, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఆదివారం పొద్దుటి నుంచి ఆయన నా వైపు సరిగ్గా చూసింది అప్పుడే.

బయటికొచ్చి కార్ ఎక్కాక సీట్ బెల్ట్ పెట్టుకోబోతూ ఆగిపోయారు. "అది కాదు అమ్మడూ. ముప్పై ఐదుకి పాస్. నీకు ముప్పై ఎనిమిది వచ్చాయి. పాసే కదే? దిద్దడం దేనికి?"

"మీరు బాధపడతారని."

"నాకెప్పుడూ నలభై రాలేదని చెప్పానుగా."

"అది దిద్దిన తర్వాత చెప్పారు నాన్నా."

ఆయన సీట్ బెల్ట్ పెట్టుకుని, "అవును, ముందే చెప్పాల్సింది," అన్నారు. స్కూలు పార్కింగులో, అక్టోబరు ఎండలో, నా గుండెల మీద నుంచి ఏదో దిగి కార్ తలుపు తీసుకుని వెళ్లిపోయినంత తేలికైంది. ఆ సాయంత్రమే డబ్బాలో టిక్ పెట్టాను. నాన్న లాప్‌టాప్‌కి రెండడుగుల దూరంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు, మౌస్ ముట్టుకోలేదు. మార్చిలో టెక్సాస్‌లోదే ఒక యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. జీపీఏ అంకుల్ లెక్కలో అది గొప్ప కాలేజీ కాదు. మా ఇంట్లో మాత్రం అమ్మ పులిహోర కలిపింది. నాన్న ఆఫీస్‌కి డోనట్స్ తీసుకెళ్లారు. ఈసారి ఉత్తరం తను స్వయంగా మూడుసార్లు చదివాకే తీసుకెళ్లారు.

అదంతా అటుంచితే, టిక్ పెట్టిన మర్నాడు ఇంకొకటి జరిగింది. ఆ రోజు నేను లేవలేదు. మూడు అలారాలు మోగాయట, అమ్మ రెండుసార్లు పిలిచిందట, నాకేదీ తెలియదు. వ్రతం రోజు రవ్వకేసరి దగ్గర మొదలైన నిద్ర బాకీ అంతా ఒక్కసారి తీర్చుకున్నాను. లేచేసరికి మొదటి రెండు క్లాసులు అయిపోయాయి. ఆలస్యానికి కారణం రాసి తల్లిదండ్రులు సంతకం పెట్టి పంపాలని అక్కడ రూలు. ఎవరైనా డాక్టర్ అపాయింట్‌మెంట్ అనో, కడుపునొప్పి అనో రాస్తారు. నాన్న పెన్ను తీసుకుని చాలాసేపు ఆలోచించి, అచ్చుగుద్దినట్టున్న అక్షరాలతో రాశారు, "నా కూతురు నిద్రపోయింది. వేరే కారణమేమీ లేదు." ఆఫీసులో ఆవిడ అది చదివి, నన్ను చూసి, కడుపునొప్పి అని ఉంటే క్షమించదగిన ఆలస్యం అని రాసేదాన్ని, ఇది మాత్రం కుదరదమ్మా అని జాలిగా చెప్పి, నా హాజరులో మొట్టమొదటి నల్లచుక్క పెట్టింది. నేను థాంక్యూ చెప్పి క్లాసుకి నడిచాను.

ఇప్పుడు నేను జెర్సీ సిటీలో ఉంటున్నాను. పొద్దున్నే రైలు పట్టుకుని ఆఫీసుకి పరిగెత్తే మనిషిని, అలారం మోగకముందే మెలకువ వచ్చేస్తుంది. ఎవరింటికి వెళ్లినా, హైస్కూల్ పిల్లలున్న ఆంటీలు (నన్నూ ఆంటీ అనే పిల్లలు తయారయ్యారు, అది వేరే సంగతి) కాలేజీలవాళ్లు గ్రేడ్లు ఎలా చూస్తారమ్మా అని అడుగుతుంటారు. ముత్యాల మేడమ్ చెప్పిందే చెబుతాను. ఆ చెబుతున్నప్పుడు ఒక్కోసారి ప్లేనో అపార్ట్‌మెంటులో మంగళవారం పూట, కిటికీ బ్లైండ్స్‌లోంచి ఎండ ముఖం మీద పడుతున్నా, నోరు తెరుచుకుని, ఒక చెయ్యి మంచం కిందకి వేలాడేసి పడుకున్న పిల్ల కనబడుతుంది. స్కూలుకి టైమయిపోతోంది. తెలుసు. కానీ ఎందుకో, ఇన్నేళ్ల తర్వాత కూడా, దాన్ని లేపబుద్ధి కాదు.